ఎరువు సొమ్ము

"ఎరువు సొమ్ము బరువు చేటు, తియ్యా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు" అన్న సామెతను చిన్నప్పుడు మా అవ్వ నోట చాలాసార్లు విన్నాను. ఇక్కడ ఎరువంటే పొలానికి వేసేది కాదు. ఇరుగుపొరుగుల దగ్గర వాడుకకని తెచ్చుకుని, పని కాగానే తిరిగి ఇచ్చేసే నగ. పెళ్ళికి పోయేటప్పుడు మెడ బోసిగా ఉన్నా సరే, మా అవ్వ మాత్రం ఒకరి గొలుసు అడిగేది కాదు. ఆ పట్టుదలను అప్పట్లో పిసినారి అభిమానం అనుకునేవాణ్ణి. సామెతలోని మూడు ముక్కలకూ అసలైన అర్థం నాకు తెలిసింది నగల వల్ల కాదు, ఒక డేటాబేసు వల్ల.

నాలాగే తెలుగులో నిఘంటువులో, పదకోశాలో, పుస్తకాల పట్టికలో డేటాబేసులోకి ఎక్కిస్తున్న మిత్రులు కొందరున్నారు. వారికి పనికొస్తుందని ఈ అనుభవాన్నీ, దాని మీద నా అభిప్రాయాన్నీ వ్రాస్తున్నాను. ప్రోగ్రాములతో పరిచయం లేనివారు కూడా ఓపికపడితే చివరిదాకా చదవగలిగేటట్టు వ్రాయడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా రెండు మాటలు. మా నెల్లూరు తీరంలో ఇంజను అంటే పడవకు వెనుక తగిలించేది. డేటాబేసుకూ ఒక ఇంజను ఉంటుంది. సమాచారాన్ని దాచడం, వెతకడం, వరుసలో పెట్టడం, అడిగినది తీసి ఇవ్వడం దాని పని. ఆ పనిలో దానికి చిన్న చిన్న లెక్కలు అవసరమవుతాయి: పేరు చివర ఖాళీలు కత్తిరించడం, అంకెను సవరించడం, అక్షరాలు లెక్కపెట్టడం వంటివి. వీటిని ప్రమేయాలంటారు. కొన్ని ప్రమేయాలు ఇంజనుతోబాటే వస్తాయి. లేనివాటిని బయటివారెవరో వ్రాసి, ఒక లైబ్రరీగా కట్టి పెడతారు. ఆ ఫైలును తెచ్చి సర్వరులో ఒక చోట పెట్టి, "ఇదుగో, ఫలానా పేరుగల ప్రమేయం ఫలానా ఫైలులో ఉంది" అని ఇంజనుకు చెప్పుకుంటే చాలు, ఆనాటి నుంచి అది సొంత ప్రమేయంలాగే పలుకుతుంది. పెట్టుకున్న నగ సొంతదో ఎరువుదో చూసేవారికి తెలియనట్టే, వాడేవారికీ తేడా తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

2004 డిసెంబరు 26, ఆదివారం నాటి సునామీ మా తీరాన్నీ తాకింది. ఆ తరువాతి నెలల్లో ప్రతి పల్లెలోనూ జాబితాలే జాబితాలు. ఎవరి తెప్ప పోయింది, ఎవరి వల పోయింది, ఏ ఇంట్లో ఎందరు? పేరు జాబితాలో ఉంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మైపాడుకు ఉత్తరాన ఉన్న ఒక పల్లెలో మత్స్యకారుల చిన్న సంఘం ఒకటి ఉంది. దాని గుమాస్తా నాకు బంధువు. 2005లో ఆయన అడిగితే సభ్యుల పేర్లు, పడవలు, పొదుపు, వేట లెక్కలు వ్రాసుకోవడానికి ఒక ప్రోగ్రాము చేసి ఇచ్చాను. దానికి నేను ఎంచుకున్న ఇంజను ఫైర్‌బర్డ్.

ఆ ఎంపికకు ఈనాటికీ చింతించను. బోర్లాండ్ సంస్థ తన ఇంటర్‌బేస్ మూలాన్ని 2000లో బయటపెట్టగా, అందులోంచి పుట్టినది ఫైర్‌బర్డ్. చిన్న కంప్యూటరు మీద, కరెంటు పోయి వచ్చే చోట, నిర్వహించే మనిషి లేకుండా ఏళ్ళ తరబడి నడిచేది. ఒక్కటే లోటు: ఆ రోజుల్లో దానిలో సొంత ప్రమేయాలు చాలా తక్కువ. 2004 నాటి 1.5 కూర్పులో ఖాళీలు కత్తిరించడానికి కూడా బయటి ప్రమేయమే దిక్కు. దాన్ని యూడీఎఫ్ అనేవారు. ఇంజనుతోబాటు ఒక చిన్న లైబ్రరీ ఇచ్చేవారు. అది చాలనివారు ఊళ్ళేలుతున్న ప్రోగ్రామర్లు ఉచితంగా పంచిపెట్టిన పెద్ద లైబ్రరీలను తెచ్చుకునేవారు. నేనూ అలా ఒకటి తెచ్చుకున్నాను. పేరు చెప్పను, తప్పు దానిది కాదు, దాన్ని చూడకుండా నమ్మిన నాది.

* * *

సామెతలో మొదటి ముక్క బరువు చేటు. తెచ్చుకున్న ప్రమేయం ఒంటరిగా రాదు. వ్రాసినవాడి ఊరూ, భాషా, అలవాట్లూ దానితోబాటే వస్తాయి. ఆ బరువు కంటికి కనిపించదు.

ఆ లైబ్రరీలో నన్ను ఆకర్షించినది పలుకుబడినిబట్టి పేర్లను పోల్చే ప్రమేయం, సౌండెక్స్. దీనికి పెద్ద చరిత్రే ఉంది. రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ 1918లో దీనికి పేటెంటు పొందాడు. అక్కడి జనాభా లెక్కల్లో ఒకే ఇంటిపేరును పదిరకాలుగా వ్రాస్తూ ఉంటే వెతకడానికి వీలుగా ఈ పద్ధతిని వాడారు. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులను వదిలేసి, మిగిలిన హల్లులను అంకెలుగా మార్చి, మొత్తం నాలుగు గుర్తులు చేస్తారు. మా గుమాస్తా పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవాడు. పోలయ్యను ఒకనాడు ఒక విధంగా, మరొకనాడు మరొక విధంగా వ్రాసేవాడు. ఏ విధంగా వ్రాసినా సౌండెక్స్ సంకేతం పి400 అనే వస్తుంది. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కకుండా ఉండటానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

అనుకున్నవాడు ఆలోచించవలసింది. పుల్లయ్య సంకేతమూ పి400. పాలయ్య సంకేతమూ పి400. ఇంగ్లీషు ఇంటిపేర్లలో అచ్చు తారుమారైనా నష్టం లేదేమోగానీ, తెలుగు పేరు అచ్చుల మీదే బతుకుతుంది. పైగా వెంకయ్య సంకేతం వి520. మా తీరంలో అందరూ పలికే ఎంకయ్య సంకేతం ఇ520. అంటే ఇద్దరు వేరు మనుషులను ఒకరిగా చూసే ఈ ప్రమేయం, ఒకే మనిషిని ఇద్దరిగా చూస్తుంది. అది చెడ్డ ప్రమేయం కాదు. తాను పుట్టిన ఊళ్ళో బాగానే పనిచేసింది. మన ఊరికి దాన్ని తెచ్చుకున్నది నేను.

రెండో బరువు అక్షరాలది. 2009 ప్రాంతంలో పేర్లను తెలుగులో కూడా ఉంచాలని సంఘం కోరింది. యూనికోడులో వ్రాయడం అప్పటికి మనందరికీ అలవాటై, ఉత్సాహంగా ఉన్న రోజులు. 'పోలేరమ్మ' అన్న మాట తీసుకోండి. మనం పలికే లెక్కన నాలుగు అక్షరాలు: పో, లే, ర, మ్మ. యూనికోడు లెక్కన ఎనిమిది సంకేతాలు. గుణింతపు గుర్తులూ, పొల్లూ వేరువేరుగా లెక్కకు వస్తాయి. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు చొప్పున ఇరవై నాలుగు బైట్లు. అక్షరానికి ఒక బైటు అన్న కాలంలో వ్రాసిన ప్రమేయాన్ని పొడవు అడిగితే ఇరవై నాలుగంటుంది. మొదటి పది అక్షరాలు కోసి ఇమ్మంటే పది బైట్లు కోసి ఇస్తుంది. అంటే మూడు సంకేతాలు, నాలుగోదానిలో మూడోవంతు. అచ్చు వేసిన జాబితాలో పేర్ల చివర చదరపు డబ్బాలు కనిపించినప్పుడు ముందు ఫాంటును తిట్టుకున్నాను. ఫాంటు పాపం ఏమీ చేయలేదు.

మూడో బరువు అన్నిటికంటే సూక్ష్మమైనది. డేటాబేసులో 'సున్న' వేరు, 'తెలియదు' వేరు. వేటకు పోయి చేప పడకపోతే సున్న. తూకం వ్రాసుకోకపోతే 'తెలియదు'. గడి ఖాళీగా ఉంటుంది. పాత యూడీఎఫ్ పద్ధతిలో మామూలుగా ప్రకటించిన ప్రమేయానికి ఈ 'తెలియదు' చేరేది కాదు. దారిలోనే అది అంకెలకైతే సున్నగా, మాటలకైతే ఖాళీ మాటగా మారిపోయేది. కూర్పు 2.0 (2006) వచ్చాకే ప్రకటనలో ఆ సంగతి విడిగా చెప్పుకునే వీలు కలిగింది. నా సవరణ ప్రమేయం తూకం వ్రాయని రోజులన్నిటినీ చేప పడని రోజులుగా లెక్కవేసింది. సగటు వేట తగ్గిపోయింది. అంకెలు చక్కగా వరుసలో ఉన్నాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. తప్పు అని కేకపెట్టి ఆగిపోయే ప్రోగ్రాము మంచిది. తప్పును ఒప్పులాగా చూపించేది ప్రమాదకరం.

* * *

రెండో ముక్క తియ్యా పెట్టా తీపుల చేటు. పెట్టుకున్న నగ ఒంటికి అతుక్కుపోయినట్టు, వాడిన ప్రమేయం డేటాబేసులో నలుమూలలకూ పాకుతుంది. మొదట ఒక నివేదికలో వాడతాం. తరువాత ఒక వ్యూలో. ఆపైన కొత్త వరుస చేరినప్పుడల్లా తనంతట తాను నడిచే ట్రిగ్గరులో. నేను ఇంకొక అడుగు వేసి, సౌండెక్స్ సంకేతాన్ని ట్రిగ్గరు ద్వారా ఒక గడిలో వ్రాయించి, ఇంటిపేరూ, డోరు నంబరూ, ఈ సంకేతమూ మూడూ కలిసినవాళ్ళు ఇద్దరు ఉండకూడదని కట్టడి పెట్టాను. అలాంటి పేరు ఎక్కించబోతే "ఈ సభ్యులు ఇదివరకే నమోదై ఉన్నారు" అన్న సందేశం వస్తుంది. ఎంతో తెలివైన పని చేశానని నాకు ఆనాడు గర్వం కూడా.

2015 నవంబరులో వానలు నెల్లూరు జిల్లాను ముంచెత్తాయి. సంఘం గదిలోకి నీళ్ళు వచ్చి కంప్యూటరు తడిసిపోయింది. ప్రతి శనివారం తీసి ఇంట్లో ఉంచుకున్న ప్రతి నిల్వ మాత్రం గుమాస్తా దగ్గర భద్రంగా ఉంది. కొత్త కంప్యూటరు కొన్నారు. నేను వెళ్ళి ప్రతిని తెరిచాను. వరుసలన్నీ ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని జాబితా అచ్చు వేయబోతే ప్రమేయం దొరకలేదని తప్పు చూపింది. కొత్త పేరు చేర్చబోయినా అదే తప్పు.

కారణం చాలా చిన్నది. ప్రతి నిల్వలో వెళ్ళేది ప్రకటన మాత్రమే. "ఫలానా ప్రమేయం ఫలానా ఫైలులో ఉంది" అన్న ఒక్క వాక్యం. ఆ ఫైలు డేటాబేసులో భాగం కాదు, తడిసిన డిస్కులో ఎక్కడో ఉండిపోయింది. పోనీ, నా పాత సీడీలో దాని నకలు దొరికింది. అయితే అది 32 బిట్లది, కొత్త కంప్యూటరులో పెట్టిన ఇంజను 64 బిట్లది. ఒకదానిలో ఒకటి ఇమడదు. మళ్ళీ కట్టుకుందామంటే మూలం నా దగ్గర లేదు. వ్రాసినాయన పుట వెతికితే ఆ చిరునామాలో మరేదో వ్యాపారం నడుస్తోంది. ఆయన్ని అనడానికేమీ లేదు. ఉచితంగా ఇచ్చిన మనిషి జీవితాంతం మన ఇంటికి కాపలా కాయాలనడం న్యాయం కాదు.

బయట సహాయం కోసం ఇవ్వవలసిన జాబితా గురించి జనం నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన లోపలికి వచ్చి, "అబ్బయ్యా, మా పేర్లు నీ పెట్టెలో ఉండాయా, లేవా? అదొక్కటి చెప్పు" అన్నాడు. ఉన్నాయి. కానీ బయటికి రావడం లేదు. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ రాత్రి ప్రమేయాల జోలికి పోకుండా, పట్టికలోని వరుసలను ఉన్నవి ఉన్నట్టు మామూలు పాఠంగా బయటికి తీసి అచ్చు వేశాను. గుమాస్తా తన పాత అట్టపుస్తకం తెచ్చాడు. కంప్యూటరు వచ్చినా ఆయన ఆ పుస్తకంలో వ్రాయడం మానలేదు. రెండూ పక్కపక్కన పెట్టి తెల్లవారేదాకా సరిచూశాం. పుస్తకంలో ఉండి కంప్యూటరులో లేని పేర్లు మూడు తేలాయి. ఒకరు చనిపోయారు. ఒకరు చెన్నైకి వలసపోయి సభ్యత్వం వదులుకున్నారు. మూడో పేరు, ఇక్కడ పేరు మార్చి చెబుతున్నాను, పోలమ్మ.

* * *

మూడో ముక్క, అందులో ఒకటి పోతే అప్పుల చేటు.

పోలమ్మ ఎండుచేపలు అమ్ముకుని బతికే విధవరాలు. ఆమె తోడికోడలి పేరు, ఇదీ మార్చినదే, పుల్లమ్మ. వేరు కాపురాలైనా ఇంటిపేరు ఒకటే, డోరు నంబరూ ఒకటే. రెండు పేర్లకూ సౌండెక్స్ సంకేతం పి450. పుల్లమ్మ పేరు ముందు ఎక్కింది. పోలమ్మ పేరు ఎక్కించబోయిన నాడు నా ప్రోగ్రాము "ఈ సభ్యులు ఇదివరకే నమోదై ఉన్నారు" అని చెప్పింది. గుమాస్తా దాన్ని నమ్మాడు. కంప్యూటరు అబద్ధం చెబుతుందని ఆయన ఎందుకనుకుంటాడు? తన పుస్తకంలో మాత్రం వ్రాసుకున్నాడు. కంప్యూటరు జాబితా చూసి పంచినవేవీ ఆమెకు అందలేదు. ఆమె ఎన్నిసార్లు వరుస చివర నిలబడి వెనుదిరిగిందో లెక్క ఎవరూ వ్రాయలేదు.

ఎరువు సొమ్ములో ఒకటి పోతే అప్పు తీర్చవలసింది తెచ్చుకున్నవాడు. ఇక్కడ సొమ్ము తెచ్చుకున్నది నేను, అప్పు తీర్చినది పోలమ్మ. ఇదొక్కటే ఈ టపా వ్రాయడానికి కారణం.

ఇది ఒక పల్లెలో, ఒక అరకొర ప్రోగ్రామరు చేసిన పొరపాటు మాత్రమే అని తోసేయడానికి వీల్లేదు. పెద్దచోట్లా ఇదే కథ నడిచింది. లినక్సు యంత్రాల్లో మాటలను వరుసలో పెట్టే పద్ధతిని చాలాకాలం పోస్ట్‌గ్రెస్ సొంతంగా చేసుకోకుండా, జీలిబ్‌సీ అనే వ్యవస్థ లైబ్రరీని అడిగి తెలుసుకునేది. 2018లో ఆ లైబ్రరీ 2.28 కూర్పులో వరుసక్రమాన్ని కొత్త అంతర్జాతీయ ప్రమాణానికి తగినట్టు మార్చారు. మార్పు మంచిదే. కానీ అప్పటికే పాత క్రమంలో కట్టిన ఇండెక్సులు డిస్కు మీద ఉన్నాయి. యంత్రాన్ని నవీకరించినవారికి ఏ హెచ్చరికా లేకుండా ఇంజను కొత్త క్రమంలో పాత ఇండెక్సును వెతకడం మొదలుపెట్టింది. అరలు మార్చిన గ్రంథాలయంలో పాత పట్టిక పట్టుకుని వెతికినట్టన్నమాట. వరుస పట్టికలో ఉంది, వెతికితే లేదంటుంది. ఒకరే ఉండాలన్న చోట ఇద్దరు చేరిపోతారు. ఇండెక్సులన్నీ మళ్ళీ కట్టుకోవడం ఒక్కటే మందు.

ఈ దెబ్బకు ముందే, 2017 నాటి పదో కూర్పు నుంచి పోస్ట్‌గ్రెస్ ఐసీయూ అనే మరొక లైబ్రరీని వాడుకునే వీలు కల్పించింది (ఆసుపత్రిలోది కాదు, యూనికోడు పనుల కోసం కట్టినది). అది కూడా ఎరువు సొమ్మే. కాకపోతే ఏ కూర్పుతో క్రమం కట్టారో ఇంజను వ్రాసి ఉంచుకుని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. ఫైర్‌బర్డ్ కూడా యూనికోడు వరుసలకు ఐసీయూనే నమ్ముకుంటుంది. ఐసీయూ కూర్పు మారితే డేటాబేసును సరిదిద్దడానికి తన పనిముట్లలో ఒక ఏర్పాటు పెట్టింది. ఎరువు తెచ్చుకోవడం తప్పు కాదు, ఎవరి దగ్గర ఎప్పుడు తెచ్చామో వ్రాసి పెట్టుకోకపోవడం తప్పు అని వారు నేర్చుకున్నారు.

తెలుగువారికి ఈ వరుస సంగతి మరీ ముఖ్యం. మనం చిన్నప్పుడు నేర్చుకున్న వర్ణమాలలో హ తరువాత ళ, క్ష, ఱ వస్తాయి. యూనికోడు పట్టిక భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా చేసిన ఇస్కీ అమరికను అనుసరించింది కనుక అందులో ర పక్కన ఱ, ల పక్కన ళ ఉంటాయి. ౠ అయితే హల్లులన్నీ దాటి ఎక్కడో చివరన ఉంటుంది. సంకేతాల వరుసలో పెడితే ఒక నిఘంటువు, బడిలో నేర్చిన వరుసలో పెడితే మరొక నిఘంటువు. ఏ వరుస కావాలో నిర్ణయించుకోవలసింది మనం. నిర్ణయించుకోకపోతే మన బదులు ఏదో ఒక లైబ్రరీ నిర్ణయిస్తుంది. రేపు దాని కూర్పు మారితే ఆ నిర్ణయమూ మారుతుంది.

భద్రత సంగతి ఒక్క మాటలో చెబుతాను. బయటి ప్రమేయం ఇంజను కడుపులో నడుస్తుంది. అది కూలితే ఇంజను మొత్తం కూలవచ్చు. దుష్టుడి చేతిలో పడితే అదే దొడ్డిదారి. 2005 జనవరిలో విండోస్ మీది మైఎస్‌క్యూఎల్ సర్వర్లలోకి బలహీనమైన సంకేతపదాలను ఊహించి దూరిన ఒక పురుగు, తన డీఎల్ఎల్‌ను యూడీఎఫ్ రూపంలోనే ఎక్కించింది. ఫైర్‌బర్డ్ వారు 2021 నాటి నాలుగో కూర్పులో పాత యూడీఎఫ్ పద్ధతిని కాలం చెల్లినదిగా ప్రకటించి, ఆ తలుపును మూసి ఉంచి ఇవ్వడం మొదలుపెట్టారు. కావాలంటే మనమే తెరుచుకోవాలి.

* * *

అయితే అన్నీ సొంతంగా వ్రాసుకుందామా? ససేమిరా వద్దంటాను. అది ఎరువుకు విరుగుడు కాదు, మరొక రోగం. అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, రెండు చోట్ల మధ్య దూరమెంతో, ఫలానా చోటు ఫలానా హద్దులో ఉందో లేదో కనుక్కోవాలనుకోండి. పులికాటు సరస్సు గట్టు వంటి వంకరటింకర హద్దుతో ఆ లెక్కను ఒక్కడే కూర్చుని వ్రాయబోతే తప్పుల పుట్ట లేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కు 2001 నుంచి పోస్ట్‌జీఐఎస్ అనే అనుబంధం ఉంది. అది కూడా జియోస్, ప్రాజ్ అనే మరి రెండు లైబ్రరీల మీద నిలబడినదే. ప్రపంచమంతా దాన్ని నిశ్చింతగా వాడుతోంది. ఎందుచేత? దాని మూలం అందరి ముందూ ఉంది. ఒకడు మానేసినా మోసేవారు పదిమంది ఉన్నారు. 2011 నాటి 9.1 కూర్పు నుంచి పోస్ట్‌గ్రెస్ ఇటువంటి అనుబంధాలను పేరుతో, కూర్పుతో సహా నమోదు చేసుకుంటుంది. తీసేయాలన్నా మార్చాలన్నా ఒక మూటగా చూస్తుంది. తియ్యా పెట్టా తీపులు దానివల్ల చాలా తగ్గాయి.

కాబట్టి అసలు ప్రశ్న "నాదా, పరాయిదా" అన్నది కాదు. "విప్పి చూడగలనా, పోతే తట్టుకోగలనా, దీని తప్పుకు ఎవరు బలి అవుతారు" అన్నవి మూడూ అడగవలసిన ప్రశ్నలు.

నా మటుకు నేను ఆ తరువాత కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ఎరువు ప్రమేయాన్ని చూపించడానికి వాడతాను, తీర్పు చెప్పడానికి వాడను. పోలికలు వెతికి "ఈ రెండు పేర్లూ ఒకరివేనేమో చూడండి" అని మనిషి ముందు పెట్టవచ్చు. "ఇదివరకే ఉన్నారు" అని తలుపు వేయకూడదు. ట్రిగ్గరులోకీ, ఇండెక్సులోకీ, కట్టడిలోకీ మూలం చూడని ప్రమేయాన్ని రానివ్వను. లైబ్రరీ తెచ్చుకుంటే మూలంతో సహా తెచ్చుకుంటాను. ఆ మూలాన్నీ, కట్టిన ఫైలునూ, ప్రకటన వాక్యాలనూ ప్రతి నిల్వ పక్కనే ఉంచుతాను. ఆ ప్రతిని ఏడాదికోసారైనా ఖాళీ యంత్రం మీద తెరిచి చూస్తాను. తెరిచి చూడని ప్రతి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పరీక్షకు ఇచ్చే పేర్లు లైబ్రరీతో వచ్చిన నమూనాలు కావు; పోలయ్య, పుల్లయ్య, వెంకయ్య, ఎంకయ్య, పోలేరమ్మ. ఒక ఖాళీ గడి కూడా. చివరిగా, ఇంజను కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా దానిలో సొంతంగా ఏమేం చేరాయో చదువుతాను. 2008 నాటి ఫైర్‌బర్డ్ 2.1లోనే నేను ఎరువు తెచ్చుకున్న ప్రమేయాల్లో చాలావాటికి సొంత రూపాలు వచ్చేశాయి. సొంత గొలుసు పెట్టెలో ఉండగా ఏడేళ్ళపాటు పక్కింటిది మెడలో వేసుకుని తిరిగాను. అలవాటు అంత గట్టిది.

ఇప్పుడు ఆ సంఘం ప్రోగ్రాములో బయటి లైబ్రరీ ఏదీ లేదు. గుమాస్తా అట్టపుస్తకం ఇంకా ఉంది, దాన్ని మానవద్దని నేనే చెప్పాను. పోలమ్మ పేరు ఎక్కించిన రోజు ఆమెను పిలిచి, అచ్చు వేసిన కాగితం చేతికిచ్చాం. ఆమెకు చదవడం రాదు. గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోట తానూ వేలు పెట్టి, "ఇది నా పేరేనా అబ్బయ్యా, నా తోడికోడలిదా?" అని అడిగింది. రెండూ ఉన్నాయని, ఒకదాని కింద ఒకటి చూపించాడు. ఆమె కాసేపు చూసి, కాగితం మడిచి తీసుకుపోయింది.

నా ప్రోగ్రాము అడగవలసిన ప్రశ్న అదే. అది అడగలేదు, నేనూ అడగలేదు. తెలుగు పేర్లను, పదాలను డేటాబేసులకు ఎక్కిస్తున్న మిత్రులారా, మీ ఇంజను మెడలో ఉన్న నగల్లో ఎరువువి ఎన్నో ఒకసారి లెక్క చూసుకోండి. వాటిలో మూలం మీ దగ్గరున్నవి ఎన్ని? మీ అనుభవాలేమిటో చెబితే నేనూ నేర్చుకుంటాను.